రెండు రాళ్లు
(భారమును గూర్చిన ధర్మవిచారము)

కోవిల్పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగరమునకు పోవు పెద్దబాటపై నేడు వాహనములు గాలివలె పరుగెత్తుచున్నవి. ఆ వేగములో బాట ప్రక్కన నున్నదేదియు కంటికి నిలువదు. కాని కాలినడకయే గతియైన రోజులలో మన దక్షిణదేశపు త్రోవలయందు బాటసారి కన్నులు వెదకికొనిన రాతికట్టడమొకటి కలదు. నిలువుగా పాతిన రెండు రాళ్లు, వానిపై అడ్డముగా పరచిన మూడవ రాయి. ఎత్తు సుమారు మనిషి రొమ్ము మట్టము. తలపై మోపుతో నడచువాడు ఇంకొకరి చేయిసాయము లేకయే మోపును దానిపైకి జరిపి, ఊపిరి తీసికొని, మరల తలకెత్తుకొని పోవును. తమిళులు దీనిని సుమైతాంగి యందురు. బరువును తాల్చునది అని దాని యర్థము. కడుపుతో నుండి, కాన్పు కాకమునుపే కన్నుమూసిన స్త్రీల పేర ఇట్టి రాళ్లను నిలుపు ఆచారము ఉండెడిది. దింపుకొనలేని భారముతో పోయిన ప్రాణమునకు, నలుగురి భారమును దింపు రాయియే జ్ఞాపకచిహ్నము. ఇంతటి కరుణను ఇంత తక్కువ పనితనముతో చెప్పిన శిల్పము అరుదు.

మన గ్రామములలోనే మరియొక రాయియు కలదు. దానిని ఇళవట్టక్కల్ అందురు; పడుచువాండ్ర రాయి యన్నమాట. గుండ్రముగా, నున్నగా, చేతికి పట్టు దొరకకుండ నుండును. దానిని నేలనుండి లేవనెత్తి, మోకాలిపైకి, రొమ్ముపైకి తెచ్చి, భుజము మీదుగా వెనుకకు పడవేసిన పడుచువాడు ఊరిలో తలయెత్తుకొని తిరుగును. పూర్వము పిల్లనిచ్చుటకు ముందు ఈ రాయి నెత్తించి చూచెడివారని పెద్దలు చెప్పుదురు. నేటికిని సంక్రాంతి పండుగనాడు కొన్ని ఊళ్లలో ఈ పందెము జరుగుచున్నది.

ఒక రాయి "మోయుము" అనుచున్నది. ఇంకొక రాయి "దింపుము" అనుచున్నది. ఒకే నేలలో, ఒకే జనము నిలిపిన రాళ్లివి. వీనిలో ఏది ధర్మము చెప్పుచున్నది? భారము మనుష్యునకు వరమా, శాపమా? ఒకరు మోయగలరని తెలిసినంత మాత్రమున వారిపై భారము పెట్టుటకు మనకు అధికారము కలుగునా? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇదియే.

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో పుట్టలేదు. మా అవ్వ తుంటి యెముకలో పుట్టినది. ఆమె కరిసల్‌కాటి నల్లరేగడిలో పుట్టి, ఆ నేలలోనే పత్తి ఏరి, మూటలు మోసి, బావినీళ్లు తోడి, బిడ్డలను చంకనెత్తి బ్రదికిన మనిషి. ఎనుబదవయేట వాకిట జారిపడి తుంటి విరుగగొట్టుకొనెను. వైద్యులు విరిగిన భాగమును తీసివేసి, తొడయెముక లోనికి లోహపు కాడ నొకదానిని దిగవేసిరి. ఆమె మరల లేచి నడచెను. కొన్ని యేండ్లకు తీసిన ఛాయాచిత్రములో ఆ కాడ చుట్టునున్న ఎముక పలుచబడియుండుట చూచి వైద్యుడు మాకిట్లు చెప్పెను: "లోహము బరువంతయు తానే మోయుచున్నది. అందుచేత ఎముక తనకు పని లేదనుకొని క్షీణించుచున్నది." అవ్వ ఆ మాట విని నవ్వి, "ఏం నాయనా, పని చెప్పకపోతే ఎముక కూడా అలుగుతుందా?" అని అడిగెను. ఆ వైద్యుడును నవ్వెను గాని, ఆమె ప్రశ్నలో నాలుగువందల యేండ్ల శాస్త్రచరిత్ర ఇమిడియున్నదని నాకు తరువాత తెలిసినది.

1638లో గలిలియో తన కడపటి గ్రంథమున పెద్ద జంతువుల ఎముకలు చిన్నవాని ఎముకలకు కేవలము పెంచిన ప్రతిరూపములుగా నుండజాలవనియు, బరువును తాళుటకు మరింత లావుగా నుండవలెననియు చూపెను. 1866 ప్రాంతమున స్విట్జర్లాండులోని జూరిచ్ నగరములో ఒక విచిత్రమైన సమావేశము జరిగినది. హెర్మన్ ఫాన్ మేయర్ అను శరీరశాస్త్రజ్ఞుడు తొడయెముకను నిలువున కోసి, లోపలి సన్నని ఎముకపోగుల అల్లికను చూపుచుండగా, కార్ల్ కుల్మన్ అను ఇంజనీరు దానిని చూచి ఆశ్చర్యపడెను. బరువులెత్తు క్రేనులో ఒత్తిడి ఏయే దారులలో ప్రవహించునని తాను గీయుచుండునో, ఆ గీతలవంటివే ఎముకలో ప్రకృతి గీసియుండెను. బెర్లిను శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రచురించిన గ్రంథమున దీనిని ఒక నియమముగా చెప్పెను: ఎముక తాను మోయు భారమును బట్టి తన రూపమును మార్చుకొనును. ఆయన చెప్పినంత కచ్చితమైన గణితసూత్రముగా దానిని నేటివారు అంగీకరింపరు గాని, మూలభావము మాత్రము నిలిచినది. అంతకుముందే, 1881లో, విల్హెల్మ్ రూ అను పండితుడు ఈ మార్పును నడపునది పైనుండి ఆజ్ఞాపించు శక్తి కాదనియు, ఎక్కడికక్కడ ధాతువులే తమ్ము తాము సవరించుకొనుననియు సూచించియుండెను.

ఎముక ఎండిన కట్టెవంటిదని మనమనుకొందుము. అది నిజము కాదు. అందులో నిరంతరము ముగ్గురు పనివారు కలరు. పాత ఎముకను తొలచి తీసివేయు కణము లొకవర్గము. క్రొత్త ఎముకను పేర్చు కణములు రెండవవర్గము. గట్టియెముక లోపలనే చిక్కుకొని, సన్నని చేతులు చాచి ఒకదానినొకటి ముట్టుకొని, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుచున్నదో కనిపెట్టుచుండు కణములు మూడవవర్గము. భారము తగ్గినచోట తొలచువారిది పైచేయి. పెరిగినచోట పేర్చువారిది పైచేయి. టెన్నిసు ఆటను వృత్తిగా గొన్న పురుషుల చేతులను పరీక్షించి 1977లో ప్రకటించిన అధ్యయనములో, రాకెట్టు పట్టు చేతి ఎముక గోడ రెండవచేతి దానికంటె నూటికి సుమారు 35 వంతులు మందముగా నుండెను. భారరహితమైన అంతరిక్షమున నెలల తరబడి యుండు వ్యోమగాములకో, తుంటిభాగపు ఎముక నెలకు నూటికి ఒకటి నుండి ఒకటిన్నర వంతు తరిగిపోవును. మా అవ్వ తొడలో జరిగినదియు ఇదియే. ఆమె శరీరములో ఆ లోహపు కాడ ప్రక్కన ఒక చిన్న అంతరిక్షము ఏర్పడెను.

ఈ పనిని కంటితో చూడ వీలులేదు. అది నెలలమీద, యేండ్లమీద జరుగును. అందుచేత శాస్త్రజ్ఞులు కంప్యూటరు నాశ్రయించిరి. పద్ధతి వినుటకు సులభము. ఎముక చిత్రమును వేలకొలది చిన్నచిన్న గడులుగా విభజింతురు. దానిపై నడకవలన కలుగు బరువును మోపుదురు. ఏ గడిపై ఎంత ఒత్తిడి పడినదో యంత్రము లెక్కకట్టును. ఎక్కువ పడినచోట ఎముకను కొంచెము చిక్కబరచును. తక్కువ పడినచోట పలుచబరచును. రూపము మారెను గనుక బరువు ప్రవహించు దారియు మారును. కావున మరల లెక్క, మరల సవరణ. వందలసార్లు ఇట్లు త్రిప్పగా యేండ్లలో జరుగవలసినది కొలది గంటలలో తెరపై కనబడును. మా అవ్వకు అమర్చినటువంటి కాడల చుట్టు ఎముక ఏ దిక్కున క్షీణించునో ముందుగా ఊహించి, కాడ ఆకారమును, గట్టిదనమును మార్చుటకు ఈ లెక్కలు ఉపయోగపడుచున్నవి. నెదర్లాండ్సు దేశమునకు చెందిన రిక్ హైస్కెస్ ఈ మార్గమున పేరుపొందినవాడు.

ఇచట చదువరులు శ్రద్ధతో వినదగిన విషయమొకటి కలదు. ప్రతి గడియు తన ఒత్తిడిని తానే చూచుకొని, తన లావును తానే నిర్ణయించుకొనవలెనని మొదట నియమము పెట్టిరి. న్యాయమైన నియమమువలె కనబడుచున్నది. కాని 1992లో వైనన్స్, హైస్కెస్, గ్రూటెన్‌బూర్ అను వారు దానిని కడవరకు నడిపించి చూడగా, తెరపై ఎముకకు బదులు చదరంగపు బల్ల ప్రత్యక్షమయ్యెను. ఒక గడి పూర్తిగా నిండినది. దాని ప్రక్క గడి పూర్తిగా శూన్యము. కారణమేమి? అదృష్టవశమున కొంచెము ఎక్కువ బరువు పొందిన గడి కొంచెము గట్టిపడును, గట్టిపడినది గనుక మరికొంత బరువును తనవైపునకు లాగుకొనును, మరింత గట్టిపడును. ప్రక్కగడికి పని తప్పిపోవును. అది క్షీణించి మాయమగును. ఇందు కొంత లెక్కకట్టు విధానపు దోషమున్నను, కొంత ఆ నియమపు స్వభావమే. 1994లో ముల్లెండర్, హైస్కెస్, వైనన్స్ అను వారు నియమమును సవరించిరి. ఒత్తిడిని కనిపెట్టు కణము తన కబురును తన గడికే గాక చుట్టుపట్ల నున్నవారికిని పంపును; దూరము పెరిగినకొలది కబురు సన్నగిల్లును. అంతే మార్పు. చదరంగపు బల్ల పోయి, సజీవమైన ఎముకలో నుండునట్టి అందమైన పోగుల అల్లిక తెరపై అవతరించినది. 2000లో హైస్కెస్ బృందము "నేచర్" పత్రికలో ప్రకటించిన వ్యాసము మరియొక యడుగు ముందుకు వేసినది: బరువు దిక్కు మార్చినచో ఆ పోగులే మెల్లమెల్లగా క్రొత్త దిక్కునకు తిరిగినవి. మేస్త్రీ లేడు, నకలుపటము లేదు. ఇరుగుపొరుగుల కష్టము విను గుణము మాత్రమున్నది, అంతయు నిలిచినది.

పరదేశమున స్థిరపడిన చిన్నసమాజమునకు ఇంతకంటె చక్కని పాఠమేమి కావలెను? పదునారవ శతాబ్దిలో విశ్వనాథనాయకుని కాలమునను, అటు పిమ్మటను మన పూర్వులనేకులు ఈ నేలకు వచ్చి, అడవి కొట్టి, చెరువు త్రవ్వి నిలిచిరి. ఎవని బరువు వాడు చూచుకొనిన చదరంగమే మిగులును: ఒక యిల్లు నిండుట, ప్రక్కయిల్లు ఖాళీయగుట. సంఘమనగా ప్రక్కవాని ఒత్తిడి మనకును కొంత తెలియుటయే.

అయితే ఇంతటితో నిలిచినయెడల విచారము సగమే యగును. "భారము మేలుచేయును" అను మాటను ఎవరు ఎవరితో అనుచున్నారో చూడవలెను. మోయువాడు తనలో తాననుకొనిన అది తపస్సు. మోపువాడు మోయువానితో అనిన అది కపటమైనను కావచ్చును.

మన ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము. 1922లో శివకాశి నుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇద్దరు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చిరి. వాన కురియని ఈ నల్లనేలకు ఆ పరిశ్రమ అన్నము పెట్టినది. కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతములలో వేల కుటుంబములు దానివలన నిలిచినవి. ఆ మేలును మరువరాదు. కాని చాలకాలము ఆ పనిలో పసివారి వేళ్లును ఉండెను. చిన్నవేళ్లు చురుకుగా కదలును, ఆ పనికి అవియే తగినవి అని వాదించినవారును ఉండిరి. 1986లో బాలకార్మిక చట్టము వచ్చెను. 1996 డిసెంబరు 10వ తేదీన సుప్రీంకోర్టు శివకాశి వ్యవహారముపై తీర్పు చెప్పుచు, ప్రమాదకరమైన పనిలో పెట్టిన ఒక్కొక్క బిడ్డకు 20,000 రూపాయల చొప్పున యజమాని సంక్షేమనిధికి చెల్లింపవలెనని ఆదేశించెను. ఆ వేళ్లు ఆ పనికి అలవడెననుట నిజమే. ఎదుగు వయసున ధాతువులు భారమునకు మరింత త్వరగా స్పందించుననియు శాస్త్రము చెప్పుచున్నది. కాని అలవడుట వేరు, అంగీకరించుట వేరు. దేహము బరువునకు తగినట్లు మారినదని చెప్పి ఆ బరువు న్యాయమైనదనుట తర్కము కాదు. ఇనుపగొలుసు క్రింది చర్మమును కాయకాచును. అందుచేత గొలుసు ధర్మమగునా?

కంప్యూటరు లెక్కలోనే ఈ సత్యమునకు ఒక యానవాలు కలదు. ప్రతి గడియు తన ఒత్తిడిని దేనితోనో పోల్చుకొనవలెను గదా! "ఇంత ఒత్తిడి సహజము, ఇంతకు మించిన పెరుగుము, తగ్గిన తరుగుము" అను ఆ సంఖ్య గణితములోనుండి పుట్టదు. ప్రయోగములను చూచి, మనుష్యుడే దానిని అక్కడ నుంచును. ఆ సంఖ్యను మార్చినచో అదే బరువు క్రింద అదే ఎముక బలియును గాని, బక్కచిక్కును గాని. యంత్రము ఆ సంఖ్యను ప్రశ్నింపదు. దాని ఎముకకు నొప్పియు లేదు. సమాజమునను ఇట్లే "ఇంత మోయుట సహజము" అని ఎవరో యొకరు సంఖ్య నుంచుదురు: ఆడదానికింత, కూలివానికింత, పెద్దకోడలికింత. మా అవ్వ తలపై మూటలకు సంఖ్య నుంచినదెవరు? ఆమె కాదు. ఆమె ఎముకల గట్టిదనమును మేమందరము మెచ్చుకొంటిమి. ఆమె బ్రదుకులో సుమైతాంగి రాయి ఎక్కడనైన ఉండెనా అని మాలో నొక్కరును అడుగలేదు. ఈ వ్యాసము వ్రాయుటలో నాకు మిగిలిన సిగ్గు అదియే.

శాస్త్రము మోతను మాత్రమే గాక విరామమును కూడ బోధించుచున్నది. 1855లో బ్రైట్‌హౌప్ట్ అను ప్రష్యా సైనికవైద్యుడు, దూరము నడచిన సిపాయిల పాదములు వాచి నొప్పిపుట్టుటను వర్ణించెను. అవి విడువని నడకవలన ఎముకలో కలిగిన సన్నని బీటలని ఎక్సుకిరణములు వచ్చిన పిమ్మట తెలిసినది. బీటను తొలచుటకు వారములు పట్టును. ఆ గుంటను నింపుటకు నెలలు పట్టును. ఆ వ్యవధి నీయనిచో బలపరచు బరువే విరుగగొట్టు బరువగును. రూబిన్, లాన్యన్ అను వారు 1984లో పక్షుల ఱెక్క యెముకపై చేసిన ప్రయోగము మరింత స్పష్టమైనది. దినమునకు నాలుగు మార్లు బరువు మోపి తీసిన ఎముక క్షీణింపక నిలిచినది. 36 మార్లు మోపగా చక్కగా పెరిగినది. 360 మార్లు, 1800 మార్లు మోపినను అంతకుమించి లాభము కలుగలేదు. కదలక నిలిచియున్న బరువు ఎముకకు మేలుచేయదనియు వారు చూపిరి. మోపుట, దింపుట, మరల మోపుట — ఈ లయయే ప్రాణము. రెండు రాళ్లును కావలెనన్నమాట!

ఇక మన యింటి మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట నూటికి 5.87 మంది మాతృభాష తెలుగు. మన కోవిల్పట్టి, విరుదునగరము ఇండ్లలో పలుకుటకు తెలుగున్నది. చదువుటకు, వ్రాయుటకు లేదు. అక్షరపు బరువును తమిళము, ఆంగ్లము మోయుచున్నవి గనుక, లోహపు కాడ ప్రక్కనున్న ఎముకవలె మన భాష లోలోపల పలుచబడుచున్నది. ఆ భాషలదేమియు తప్పు లేదు. అవి మనలను నిలబెట్టుచున్నవి. ఒక భాష మోయువాడు రెండవదానిని మోయలేడనుటయు సరికాదు. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున 1923లో పుట్టిన ఇద్దరు తెలుగింటి బిడ్డలు, కు. అళగిరిసామి, కి. రాజనారాయణన్, తమిళ కథాసాహిత్యమునకు స్తంభములైరి. ఇద్దరికిని సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మన పూర్వులు దక్షిణమునకు వలసవచ్చిన కథను "గోపల్ల గ్రామం"లో తమిళమున చెప్పినవాడు రాజనారాయణనే.

కావున మనకు కావలసినది పిల్లల తలపై మరియొక మూట కాదు. వారు ఇప్పటికే చాల మోయుచున్నారు. పోలికను ప్రమాణముగా గొనరాదని నాకు తెలియును. భాష ఎముక కాదు, పిల్లలు గడులు కారు. ఐనను ఆ పక్షి ఱెక్క మనకొక సూచన నిచ్చుచున్నది: కొంచెము, కదలికతో, ప్రతిదినము. దినమునకు నాలుగు వాక్యములు చదివిన క్షయము ఆగవచ్చును. ఒక పుట చదివిన పెరుగుట మొదలుకావచ్చును. సెలవులలో నిర్బంధించి వేయి పుటలు చదివించిన విసుగే మిగులును. ముందుగా పెద్దలమే చదువవలెను. మనము మోయని బరువును పిల్లలపై మోపుటకు మనకేమి అధికారము? వారు అలసిన నాడు దింపుకొనుటకు రాయియు మన యింటనే ఉండవలెను. ఆ రాయి కథ కావచ్చును, పాట కావచ్చును, "చాలులే నాయనా, రేపు చూచుకొందము" అను మాట కావచ్చును.

మా అవ్వ కడపటి దినములలో వైద్యుని మాట విని, చేతికఱ్ఱతో వాకిటిలో ఉదయము కొంతసేపు, సాయంకాలము కొంతసేపు నడచెడిది. నడచి, అరుగుపై కూర్చుండి, మరల లేచెడిది. మోయుట యెంతయో, దింపుట యెంతయో ఆమె స్వయముగా నిర్ణయించుకొనినది బహుశః ఆ దినములలోనే. తన బరువునకు సంఖ్యను తానే నుంచుకొను స్వాతంత్ర్యము, ప్రక్కవాని బరువును విను హృదయము — ఈ రెండును కలిసినచోటనే భారము ధర్మమగునని నాకు తోచుచున్నది. ఈ రెండు రాళ్లను నిలిపిన మన పూర్వులు ఈ మాటను వ్రాసిపెట్టలేదు. రాతిలో నిలిపి పోయిరి. చదువుకొనుట మన వంతు.